నిలబెట్టే బ్యాటరీ వీల్‌చైర్: ఎక్కే ముందు ఏ పరీక్షలు జరిగాయో అడగండి

నిలబెట్టే వీల్‌చైర్ వీడియో మీలో చాలామంది ఫోన్లో చూసే ఉంటారు. నడుము కింద భాగం చచ్చుబడిన మనిషి కుర్చీలో కూర్చుని మీట నొక్కుతాడు. సీటు మెల్లగా పైకి లేస్తుంది, మోకాళ్లు సాగుతాయి, రెండు నిమిషాల్లో ఆ మనిషి నిటారుగా నిలబడి పక్కవాళ్ల కళ్లలోకి చూస్తూ మాట్లాడుతాడు. పరంజా మీద నుంచి పడి వెన్ను విరిగిన అన్నదమ్ముడు ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ వీడియో చూస్తే గుండె ఆగదు. ఎట్లాగైనా ఒకటి తెప్పిద్దామనిపిస్తుంది.

మేమూ అట్లాగే తెప్పించాం. అందుకే ఇది రాస్తున్నాను.

సెలంగోర్‌లో కట్టడం పనిలో పడిపోయిన జగిత్యాల వైపు తమ్ముడు ఒకతను, ఆసుపత్రి నుంచి వచ్చాక తోటివాళ్ల గదిలో ఉండేవాడు. ఎవరో దయగల కుటుంబం తమ ఇంట్లో పెద్దాయన వాడిన బ్యాటరీ స్టాండింగ్ వీల్‌చైర్ ఉచితంగా ఇచ్చింది. ఆ పెద్దాయన ఆరడుగుల మనిషి. మన తమ్ముడు ఐదడుగుల మూడంగుళాలు. ఆ తేడా ఎవరికీ తట్టలేదు. షాపుల ముందు వరండాలో, అందరూ చప్పట్లు కొడుతుంటే, అతన్ని నిలబెట్టాం. ఛాతీ బెల్టు కట్టింది నేనే. అతను నిలబడి ఉండగానే కుర్చీని రెండడుగులు ముందుకు కదిలించాడు, ముందు చక్రం మురుగు కాలువ మూత దగ్గర పల్లంలోకి దిగింది. కుర్చీ ముందుకు వాలింది. వెనక ఉన్న ఇద్దరు పట్టుకోబట్టి బోర్లా పడలేదు. హమ్మయ్య అనుకున్నాం, ఫోటో కూడా తీసుకున్నాం.

రాత్రి తొమ్మిదింటికి ఎడమ కాలు వాచి, వేడిగా ఉంది. ఎక్స్‌రేలో మోకాలి కింద ఎముక చిట్లి ఉంది. అతనికి నొప్పి తెలియలేదు, ఎందుకంటే ఆ కాలికి స్పర్శ లేదు. మోకాళ్లను ఆపే దిమ్మలు పొడుగు మనిషికి సరిపెట్టినవి కాబట్టి ఇతనికి తప్పుచోట ఆనాయి, ఒంటి బరువంతా అక్కడే పడింది.

తప్పు కుర్చీది అనలేను. అది మంచి కంపెనీదే. తొందర మాది. ఆ తర్వాత ఆసుపత్రి ఫిజియోథెరపిస్టు మేడమ్‌ని విసిగించి, దొరికిన కాగితాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి, ఈ కుర్చీలను ఎట్లా పరీక్షిస్తారో తెలుసుకున్నాను. నా చదువు పదో తరగతి. నాకు అర్థమైంది అంటే మీకూ అర్థమవుతుంది.

ఫోర్క్‌లిఫ్ట్ నడిపినవాళ్లకు ఇది తెలుసు

ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ మీద లోడు పైకెత్తి బండి తిప్పితే సూపర్‌వైజర్ ఎందుకు అరుస్తాడు? చక్రాల పరంజా మీద మనిషి ఉండగా దాన్ని తోయొద్దని ఎందుకంటారు? బరువు పైకి పోతే బండి పడిపోవడం సులువు. నిలబెట్టే కుర్చీలో కూడా అదే సంగతి, ఇంకో చిక్కు అదనం. మనిషి నిలబడ్డప్పుడు అతని బరువు పైకి పోవడమే కాదు, ముందుకు కూడా జరుగుతుంది.

ఒక ఉదాహరణ లెక్క చెబుతాను. ఇది ఏ కంపెనీ కుర్చీ లెక్కా కాదు, అర్థం కావడానికి మాత్రమే. మనిషి, కుర్చీ కలిపి బరువు కేంద్రం కూర్చున్నప్పుడు నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. అక్కడి నుంచి ముందు చక్రం నేలను తాకే చోటు 25 సెంటీమీటర్లు ముందుంది. అప్పుడు కుర్చీ ముందుకు పడాలంటే నేల దాదాపు 27 డిగ్రీలు వాలాలి. అంత వాలు రోడ్డు ఎక్కడా ఉండదు. ఇప్పుడు మనిషి నిలబడ్డాడు. కేంద్రం 70 సెంటీమీటర్లకు లేచింది, 10 సెంటీమీటర్లు ముందుకు వచ్చింది. ఇక 12 డిగ్రీలు వాలితే చాలు, కుర్చీ బోర్లా పడుతుంది. ముందు వెనక చక్రాల మధ్య అర మీటరు దూరం ఉన్న కుర్చీలో, ముందు చక్రం 5 సెంటీమీటర్ల గుంటలో దిగితే కుర్చీ దాదాపు 6 డిగ్రీలు వాలుతుంది. ఉన్న 12లో సగం అక్కడే పోయింది. ఆ క్షణంలో బ్రేకు పడితే, మనిషి ఏదో అందుకోవడానికి ముందుకు వంగితే, మిగతా సగం కూడా పోతుంది. ఆ వరండాలో మాకు జరిగింది ఇదే.

మలేషియాలో నిబంధన ప్రకారం కట్టే వీల్‌చైర్ ర్యాంపు 12 అడుగుల పొడవుకు 1 అడుగు లేస్తుంది, అంటే 5 డిగ్రీల లోపు. కానీ మనం ఉండే చోట్ల సిమెంటు పోసి చేసిన ర్యాంపులు, గోడౌన్ లోడింగ్ ర్యాంపులు దానికి రెండింతలు నిటారుగా ఉండటం మీకు తెలుసు. షాప్‌హౌస్‌ల ముందు వరండాలు ఒక్కొక్క షాపుకు ఒక్కొక్క ఎత్తులో ఉంటాయి. ఊళ్లో మన ఇంటి అరుగు సంగతి సరే సరి.

ల్యాబ్‌లో ఏం చేస్తారు

వీల్‌చైర్ల పరీక్షకు ప్రపంచమంతా వాడే ప్రమాణం ఐఎస్ఓ 7176. అది ఒక్క పుస్తకం కాదు, భాగాలు భాగాలుగా ఉంటుంది. మొదటి భాగం కదలకుండా ఉన్న కుర్చీ ఎంత వాలితే పడుతుందో చూసేది. కుర్చీని ఒక పలక మీద పెడతారు, అందులో బరువు లెక్కకట్టిన బొమ్మ మనిషిని కూర్చోబెడతారు, పలకను మెల్లగా వాలుస్తారు. పైవైపు చక్రాలు నేలను వదిలిన కోణం రాసుకుంటారు. ముందుకు, వెనక్కు, పక్కకు, మూడు వైపులా ఇదే పని.

రెండో భాగం బ్యాటరీ కుర్చీ కదులుతున్నప్పుడు ఎట్లా ఉంటుందో చూస్తుంది. చదునైన నేల మీద, 3, 6, 10 డిగ్రీల వాలు మీద కుర్చీని ఒక్కసారిగా కదిలిస్తారు, ఒక్కసారిగా ఆపుతారు, మలుపు తిప్పుతారు. చక్రం లేచిందా, మళ్లీ నేలకు ఆనిందా, వెనక పడకుండా ఆపే చిన్న చక్రం మీద ఆగిందా, పూర్తిగా పడిందా అని చూస్తారు. బ్రేకులకు వేరే భాగం, గడప ఎక్కడానికి వేరే భాగం, వానకు ఎండకు వేరే భాగం ఉన్నాయి. సెల్‌ఫోన్, వాకీటాకీ తరంగాలకు కుర్చీ తనంతట తాను కదలకూడదని కూడా ఒక భాగం ఉంది. సైట్లో వాకీటాకీలు వాడేవాళ్లకు ఇది వింతగా అనిపించవచ్చు గానీ, నిలబడ్డ మనిషితో కుర్చీ దానంతటదే ఒక అడుగు కదిలితే ఏమవుతుందో ఊహించండి.

గట్టిదనం పరీక్ష నాకు బాగా నచ్చింది. ఎనిమిదో భాగం అది. గడ్డలు బిగించిన రెండు రోలర్ల మీద కుర్చీని పెట్టి 2,00,000 చుట్లు తిప్పుతారు. తర్వాత 5 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 6,666 సార్లు కింద పడేస్తారు. ఇన్నేళ్లు గతుకుల రోడ్డు మీద వాడితే ఏమవుతుందో కొద్ది రోజుల్లో చూడటమన్నమాట. ఫ్రేము విరగకూడదు, బోల్టు ఊడకూడదు.

ఇవి అన్ని బ్యాటరీ కుర్చీలకూ ఉన్న పరీక్షలు. నిలబెట్టే కుర్చీకి అసలు ప్రశ్న వేరు: ఇవి కూర్చున్నప్పుడు మాత్రమే చేశారా, నిలబడ్డప్పుడు కూడా చేశారా? అమెరికాలోని రెస్నా అనే సంస్థ తన వీల్‌చైర్ ప్రమాణాల్లో 20వ విభాగం నిలబెట్టే కుర్చీల కోసమే పెట్టింది. ఐఎస్ఓ కూడా 2018లో 7176కు 30వ భాగం విడుదల చేసింది. కూర్చున్న మనిషి భంగిమను మార్చే కుర్చీలు, అంటే లేపేవి, వాల్చేవి, నిలబెట్టేవి, వాటి కోసం అది. అమెరికా ప్రభుత్వ వైద్య పరికరాల సంస్థ అయితే నిలబెట్టే వీల్‌చైర్‌ను మామూలు చేతి వీల్‌చైర్‌తో కలపకుండా విడిగా పేరుపెట్టి, ఎక్కువ జాగ్రత్త అవసరమైన రెండో తరగతిలో ఉంచింది. ఇవి తెలిసినవాళ్లు తయారుచేసిన కుర్చీల్లో కొన్నింటికి నిలబెట్టే ముందు ముందువైపు అదనపు చక్రాలు దిగుతాయి. కొన్ని నిలబడ్డాక నత్తనడక వేగానికి తగ్గిపోతాయి. నేల వాలుగా ఉంటే కొన్ని అసలు లేవనే లేవవు, మీరెంత మీట నొక్కినా సరే. పాడైందనుకోకండి, కుర్చీ తెలివిగా ఆగింది. ఆ సెన్సర్‌ను పీకించి నడిపించే మెకానిక్‌లు ఉన్నారు, వాళ్ల జోలికి పోవద్దు.

బొమ్మ మనిషికి ఈడ్పులు రావు

ల్యాబ్ పరీక్షకు ఒక హద్దు ఉంది. అందులో కూర్చునేది 75 కిలోలో, 100 కిలోలో ఉన్న బొమ్మ. దానికి కాళ్లు బిగుసుకుపోవు, ఈడ్పు వచ్చి మోకాలు ఒక్కసారి తన్నుకోదు, రక్తపోటు పడిపోయి తల తిరగదు. ఎముక గుల్లబారి ఉండదు. మన మనిషికి ఇవన్నీ ఉంటాయి. అందుకే కుర్చీ పరీక్ష పాసైతే సగం పని మాత్రమే అయింది. రెండో సగం మనిషి ఒంటిని పరీక్షించడం.

నెలల తరబడి నిలబడని కాళ్ల ఎముకలు పలచబడతాయి. వెన్నుపూస దెబ్బ తగిలినవాళ్లలో చిన్న మెలికకే తొడ ఎముక, పిక్క ఎముక విరిగిన కేసులు డాక్టర్లకు కొత్త కాదు. చాలాకాలం పడుకుని ఉన్న మనిషిని ఒక్కసారిగా నిలబెడితే రక్తం కాళ్లలోకి దిగి కళ్లు బైర్లు కమ్ముతాయి, స్పృహ తప్పవచ్చు. మోకాలు, తుంటి, మడమ కీళ్లు బిగుసుకుపోయి ఉంటే కుర్చీ మోటారు వాటిని బలవంతంగా సాగదీస్తుంది. మోటారుకు ఏం తెలుస్తుంది, అది లాగుతూనే ఉంటుంది. పిరుదుల మీద పుండు ఉన్నవాళ్లకు లేచే దిగే రాపిడితో అది ఇంకా చీలుతుంది. ఛాతీ మధ్య భాగంలోని ఆరో వెన్నుపూస దగ్గర గానీ, ఇంకా పైన మెడ దగ్గర గానీ దెబ్బ తగిలినవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. మూత్రం గొట్టం మడత పడ్డా, బెల్టు గట్టిగా నొక్కినా రక్తపోటు ఒక్కసారిగా చాలా ఎక్కువైపోతుంది. తలపోటు, మొహం ఎర్రబడటం, చెమటలు పడితే వెంటనే కూర్చోబెట్టి, బెల్టులు వదులు చేసి, గొట్టం చూసి, తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇది ఆలస్యం చేయగలిగే విషయం కాదు.

అందుకని మంచి ఆసుపత్రిలో ముందు కుర్చీ ఎక్కించరు. వాలే బల్ల మీద పడుకోబెట్టి బెల్టులు కట్టి, ఒకరోజు 30 డిగ్రీలు, ఇంకోరోజు ఇంకొంచెం, అట్లా మెల్లగా లేపుతూ ప్రతిసారి బీపీ చూస్తారు. అవసరమైతే ఎముక సాంద్రత పరీక్ష రాస్తారు. ఈ మెట్టు దాటకుండా వీడియో చూసి నిలబెట్టకండి. మేం దాటలేదు.

ఇంత భయపెట్టాక, నిలబడితే లాభం లేదా అంటే ఉంది. గంటల తరబడి కూర్చున్న చోట పుండ్లు పడకుండా ఒత్తిడి తగ్గుతుంది, కీళ్లు బిగుసుకోకుండా ఉంటాయి, కాళ్ల బిగుతు కొంత తగ్గుతుంది, మలమూత్రాల ఇబ్బంది తగ్గిందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రోజు ఆ తమ్ముడు నిలబడ్డ పది సెకన్లలో అన్న మాట నాకింకా చెవిలో ఉంది: "అన్నా, మీరింత పొట్టిగున్నరా!" పడక మీద నుంచి అందరూ అతనికి పొడుగ్గానే కనిపించారు మరి.

కంపెనీ ఇచ్చినా, దాత ఇచ్చినా, అడగాల్సినవి

అమ్మేవాళ్లు బ్రోచర్ చూపిస్తారు. బ్రోచర్ పరీక్ష కాగితం కాదు. టెస్ట్ రిపోర్టు చూపించమనండి. అందులో మీ కుర్చీ మోడల్ నంబరే ఉందా, ఏ ల్యాబ్, ఏ తేదీ, ఐఎస్ఓ 7176లో ఏ భాగాలు, బొమ్మ బరువెంత అని చూడండి. "నిలబడ్డ స్థితిలో" అనే మాట రిపోర్టులో ఎక్కడైనా ఉందా అని వేలు పెట్టి వెతకండి. లేకపోతే ఆ కుర్చీని కూర్చునే కుర్చీగా పరీక్షించారనే అనుకోవాలి.

"సీఈ గుర్తు ఉంది సార్" అని ఒక మాట తప్పకుండా వింటారు. యూరప్‌లో మామూలు వీల్‌చైర్లు, బ్యాటరీ వీల్‌చైర్లు తక్కువ ప్రమాదం ఉన్న మొదటి తరగతి పరికరాలు. వాటికి తయారీదారు తానే బాధ్యత తీసుకుని సీఈ గుర్తు వేసుకోవచ్చు, బయటి సంస్థ తనిఖీ తప్పనిసరి కాదు. కాబట్టి ఆ స్టిక్కర్ ఒక్కటే చూసి నమ్మకండి. మలేషియాలో అమ్మే వైద్య పరికరాలకు 2012 నాటి వైద్య పరికరాల చట్టం, అంటే యాక్ట్ 737 ఉంది. ఆరోగ్య మంత్రిత్వ శాఖ కింద మెడికల్ డివైస్ అథారిటీ నడుస్తుంది. రిజిస్టర్ అయిన పరికరాల జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతకవచ్చు. ఆన్‌లైన్ యాప్‌లో చౌకగా దొరికే పేరులేని కుర్చీని ఆ జాబితాలో ఒకసారి వెతికి చూడండి, చాలాసార్లు మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.

కాగితాలయ్యాక కుర్చీ దగ్గరికి వెళ్లండి. మనిషి ఎక్కే ముందు ఖాళీ కుర్చీని పూర్తిగా లేపి దించండి. మధ్యలో పవర్ స్విచ్ ఆపేయండి. ఇప్పుడు కరెంటు పోయిన మనిషిని ఎట్లా కిందికి దించుతారు? చేత్తో దించే మీటో, గేరు విడిపించే ఏర్పాటో ఉండాలి, అది పక్కన నిలబడ్డ మామూలు మనిషికి అందాలి. దీనికి జవాబు చెప్పలేని సేల్స్‌మన్ దగ్గర కొనకండి. మోకాలి దిమ్మలు తీసేసి మీట నొక్కి చూడండి. దిమ్మలు లేకపోయినా కుర్చీ లేస్తోందంటే, ఎవరో ఒకరోజు మరచిపోతారు, ఆ రోజు మనిషి జారిపోతాడు. మడత పడే చోట్ల మీ వేలు పట్టే సందు ఎక్కడుందో చూడండి, పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

ఆ తర్వాతే మనిషి, అదీ ఫిజియోథెరపిస్టు ఉన్నప్పుడు. బూట్లు వేయండి, పాదాలు మడమతో సహా పలక మీద ఆనాలి. మోకాలి దిమ్మ మోకాలి చిప్ప మీద కాకుండా దాని కింద వెడల్పుగా ఆనాలి, ఎంత ఎత్తులో అనేది ఆ మేడమ్ చూసి బిగిస్తుంది. ఛాతీ బెల్టు, తుంటి బెల్టు రెండూ ఉండాలి. మొదటి రోజు నిలబడి కదలడం లేదు, నిలబడటం దిగడం అంతే. దిగాక బట్టలు తీసి కాళ్లు, పిరుదులు, మోకాళ్లు చూడండి. ఎర్రటి మచ్చ అరగంటైనా పోకపోతే ఎక్కడో తప్పుగా ఆనుతోంది. స్పర్శ లేని మనిషికి మీ కళ్లే నొప్పి. రాత్రి మరోసారి చూడండి. మాకు దొరికింది రాత్రే.

సెకండ్ హ్యాండ్ కుర్చీ గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. కూర్చునే కుర్చీ అయితే తీసుకోండి, సర్దుకోవచ్చు. నిలబెట్టే కుర్చీ అయితే, దాన్ని ఈ మనిషి కొలతలకు మార్చి బిగించగల టెక్నీషియన్ దొరికే దాకా ఆ మీట నొక్కకండి.

కుర్చీ ఇచ్చి సంతకం అడిగితే

ఇది కుర్చీ పరీక్షకు సంబంధం లేనిదిగా అనిపిస్తుంది గానీ, నా అనుభవంలో ఎక్కువ నష్టం ఇక్కడే జరిగింది. ప్రమాదం తర్వాత ఒక కాంట్రాక్టర్ ఖరీదైన కుర్చీ కొనిచ్చి, ఫోటో తీయించుకుని, దాంతోపాటు ఒక కాగితం ముందు పెట్టాడు. మలయ్ భాషలో ఉంది. "మొత్తం పరిహారం ముట్టింది, ఇక ఏ క్లెయిమూ లేదు" అని దాని అర్థం. కుర్చీ అందుకున్నట్టు రసీదు మీద సంతకం పెట్టండి, తప్పులేదు. "అంతా సెటిల్" అనే కాగితం మీద పెట్టకండి, చదివించుకోకుండా దేనిమీదా పెట్టకండి.

ఎందుకంటే మీ హక్కు కుర్చీ ఒక్కటే కాదు. 2019 జనవరి 1 నుంచి సరైన పాస్‌తో పనిచేసే విదేశీ కార్మికులు పెర్కెసో కిందికి వచ్చారు. మనవాళ్లు సోక్సో అనేది దీన్నే. పని ప్రమాదం పథకానికి యజమాని జీతంలో 1.25 శాతం తన జేబులోంచి కట్టాలి. 2024 జూలై 1 నుంచి అశక్తత పథకం కూడా మనకు వర్తిస్తోంది, దానికి యజమాని అర శాతం, మన జీతంలోంచి అర శాతం. మీ పే స్లిప్‌లో ఆ కోత కనిపించాలి. ప్రమాదం జరిగిన 48 గంటల్లో యజమాని పెర్కెసోకు తెలియజేయాలి. పని ప్రమాదమని తేలితే వైద్యం ఖర్చు, పని చేయలేని రోజులకు రోజు జీతంలో 80 శాతం, శాశ్వత వైకల్యానికి దాని స్థాయిని బట్టి చెల్లింపు ఉంటాయి. పూర్తి వైకల్యంతో తోడుమనిషి లేకుండా గడవనివాళ్లకు నెలకు 500 రింగిట్ల అలవెన్సు కూడా ఉంది.

కుర్చీ, ఫిజియోథెరపీ లాంటి పునరావాస సాయం కూడా పెర్కెసో పనే. మెలకాలో వాళ్లకు టున్ అబ్దుల్ రజాక్ పేరుతో పెద్ద పునరావాస కేంద్రం ఉంది. మీ కేసుకు ఏమేం వర్తిస్తాయో పెర్కెసో ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, డాక్టర్ రాసిన చీటీ జతచేయండి. "ఈ రోగి నిలబడటానికి వైద్యపరంగా తగినవాడు, ఈ కొలతల కుర్చీ కావాలి" అని డాక్టర్ రాస్తే ఆ చీటీకి బరువు ఉంటుంది. నోటి మాటగా అడిగితే నోటి మాటగానే పోతుంది.

ఈ-మైగ్రేట్ ద్వారా, ఈసీఆర్ పాస్‌పోర్టుతో వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో మరణం గానీ, ఉద్యోగం పోయేంత శాశ్వత వైకల్యం గానీ జరిగితే 10 లక్షల రూపాయల దాకా బీమా. ఆ పాలసీ కాగితం ఊళ్లో బీరువాలో ఉంటుంది, ఇంట్లోవాళ్లు ఈరోజే తీసి నంబరు ఫోటో పంపండి.

ఊరికి తీసుకెళ్లాలంటే

చివరికి చాలామంది ఇంటికే పోతారు. కుర్చీ విమానం ఎక్కాలంటే బ్యాటరీ ఏ రకమో ముందే ఎయిర్‌లైన్‌కు చెప్పాలి. కారని జెల్ బ్యాటరీలకు పెద్ద చిక్కు ఉండదు, వైర్లు షార్ట్ కాకుండా భద్రం చేస్తారు. విడదీసి తీసుకెళ్లే లిథియం బ్యాటరీకి మాత్రం హద్దు ఉంది: ఒకటైతే 300 వాట్ అవర్ల దాకా, రెండైతే ఒక్కొక్కటి 160 దాకా. బ్యాటరీ మీద రాసిన వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించండి. 24 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు అయితే 240, పోతుంది. 24, 20 అయితే 480, పోదు. ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర ఈ లెక్క తెలిసి ఏడ్చినవాళ్లను చూశాను. ఛార్జర్ మన కరెంటుకు పనిచేస్తుంది, ప్లగ్ మాత్రం మార్చుకోవాలి.

పెద్ద ప్రశ్న ఊళ్లో రిపేరు ఎవరు చేస్తారనేది. బోర్డు పాడైతే కౌలాలంపూర్ నుంచి టెక్నీషియన్ రాడు. అందుకే ఇంటికి పోయేవాళ్లు మన దేశంలో తయారైనవి ఒకసారి చూడండి. ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ సుజాతా శ్రీనివాసన్ నడిపే టీటీకే పునరావాస పరికరాల కేంద్రం, ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ అనే కంపెనీతో కలిసి 2019 నవంబర్‌లో అరైజ్ అనే నిలబెట్టే వీల్‌చైర్ తెచ్చింది. అది మోటారుది కాదు, మనిషి తన చేతుల బలంతోనే లేచేది, అప్పట్లో ధర సుమారు 15,000 రూపాయలు. ఆ కేంద్రం నుంచి పుట్టిన నియోమోషన్ కంపెనీతో 2024లో నియోస్టాండ్ అనే ఎలక్ట్రిక్ నిలబెట్టే కుర్చీ కూడా వచ్చింది. మనిషి కొలతలకు సర్దడం దాని ప్రత్యేకత. మన ఐఐటీది కదా అని అడగాల్సినవి అడగడం మానకండి. టెస్ట్ రిపోర్టు, డాక్టర్ చీటీ, మోకాలి దిమ్మలు, ఇవన్నీ దానికీ వర్తిస్తాయి.

అసలు చక్రాలే లేని దారి ఒకటి ఉంది, దాన్ని ఎవరూ వీడియో తీయరు. స్టాండింగ్ ఫ్రేమ్ అంటారు. గట్టి చట్రం, ముందు బల్ల, మోకాళ్లకు దిమ్మలు, వెనక పట్టీ. మనిషిని అందులో నిలబెట్టి కడతారు, అది ఎక్కడికీ కదలదు, కాబట్టి గుంటలో దిగేదీ ఉండదు. ఒంటికి నిలబడటం వల్ల వచ్చే లాభాల్లో చాలావరకు దీంతోనే వస్తాయి. రోజంతా బయట తిరిగే పని, ఉద్యోగం లేనివాళ్లకు ముందు ఇదే సరిపోతుందని నా అభిప్రాయం. దీనికీ డాక్టర్ అనుమతి, కొలతలు తప్పవు.

మా తమ్ముడి కాలు కట్టు మూడు నెలలకు విప్పారు. ఇప్పుడు ఊళ్లో ఉన్నాడు. ఫిజియోథెరపిస్టు కొలిచి ఇచ్చిన ఫ్రేమ్‌లో పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నిలబడుతున్నాడు. పొయ్యి కనిపించేటట్టు ఫ్రేమ్ పెట్టించుకున్నాడు, కూరలో ఉప్పు సంగతి అక్కడి నుంచే చెబుతాడని మరదలు ఫోన్లో తిట్టింది.

ఆ పెద్ద కుర్చీ ఇంకా మా గదిలో మూలన గుడ్డ కప్పి ఉంది. బ్యాటరీ నెలకోసారి ఛార్జ్ చేస్తున్నాను. ఆరడుగులకు దగ్గరగా ఉండి, నిలబడొచ్చని డాక్టర్ రాసిచ్చిన మన కార్మికుడు ఎవరైనా ఉంటే ఉచితంగా ఇస్తాం. వచ్చేటప్పుడు ఆ చీటీ తెచ్చుకోండి. ఫిజియోథెరపిస్టు లేకుండా మాత్రం తాళం చెవి ఇవ్వను.